హిమవంతుని మీద మన ఇసుక

గియుమల్ అన్నది హిమాచలప్రదేశ్‌లోని స్పితి లోయలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి పేరే అక్కడి కొండల్లోని ఒక రాతిపొరకు స్థిరపడిపోయింది. భూవిజ్ఞానులు దానిని గియుమల్ ఇసుకరాయి అంటారు. సముద్రంలో పేరుకున్న ఇసుక గట్టిపడి అయిన రాయి అది. వయస్సు సుమారు 14 కోట్ల సంవత్సరాల నుండి 10 కోట్ల సంవత్సరాల వరకు. క్రెటేషియస్ అని వారు పిలిచే యుగంలో పూర్వభాగమన్న మాట. సముద్రంలో పుట్టిన ఆ రాయి ఈనాడు సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన ఎండకు ఎండుతూ, మంచుకు పగులుతూ ఉన్నది.

ముప్పై యేళ్ళకు పైగా సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పుకొని బ్రతికినవాడికి రాళ్ళతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. నాకు ఆ రాయిని పరిచయం చేసినవాడు నా శిష్యుడు. ఇప్పుడు దానిని గురించి వ్రాయించినది అతని కూతురు. ఆ ఇద్దరి సంగతి చెప్పకుండా ఈ రాయి సంగతి చెప్పడం నాకు చేతకాదు.

నేను పనిచేసిన పాఠశాలలలో ఒకటి పశ్చిమగోదావరి మెట్టప్రాంతంలో, ద్వారకా తిరుమలకు దగ్గరలో ఉండేది. చిన్న తిరుపతి అని భక్తులు పిలుచుకునే క్షేత్రమది. 1988లో పదవ తరగతిలో ఉన్న ఒక కుర్రవాడు నేను పద్యం చెబుతుంటే కిటికీలోంచి ఎర్రకొండ వైపు చూస్తూ ఉండేవాడు. అడిగితే పద్యం మాత్రం తడుముకోకుండా అప్పజెప్పేవాడు. అటువంటి పిల్లలను మందలించడం కష్టం.

వాడు పెరిగి పెద్దవాడై భూవిజ్ఞానం చదివి, ఆ రంగంలోనే ఉద్యోగం సంపాదించుకున్నాడు. మొదటి జీతం అందిన నెలలో నాకొక ఉత్తరం వ్రాశాడు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాలలో, ప్రయత్నిస్తే ఇసుకనుండి నూనెనైనా తీయవచ్చు గాని మూర్ఖుని మనస్సు రంజింపజేయలేమన్న భావం గల పద్యం మనందరికీ వచ్చినదే. దానిని ఆధారం చేసుకొని వ్రాశాడు. "మాస్టారూ, కవిగారు ఉత్త మాట అనలేదు. మన కృష్ణా గోదావరి పరీవాహకంలో భూమి లోపల ఉన్న ఇసుకరాతి పొరలలోనుంచే చమురూ గ్యాసూ తీస్తున్నారు. ఇసుకనుండి తైలం వచ్చింది. ఇక మిగిలినది మూర్ఖుడొక్కడే."

ఆ ఉత్తరంలోనే ఇంకొక సంగతి వ్రాశాడు. అతడు కిటికీలోంచి చూస్తుండిన ఎర్రకొండ రాతికి భూవిజ్ఞానంలో తిరుపతి ఇసుకరాయి అని పేరున్నదట. పెద్ద తిరుపతి కాదు, మా చిన్న తిరుపతే. దాని క్రింద రాఘవపురం పేరుతో మరొక పొర, అందులో క్రెటేషియస్ కాలపు సముద్రజీవుల శిలాజాలు. భారత ఖండం అంటార్కిటికానుండి విడివడుతుండగా ఆ మధ్యకు సముద్రం వచ్చి చేరింది, మనకు తూర్పుతీరమనేది ఏర్పడింది అని వివరించాడు. ఊళ్ళ పేర్లు రాళ్ళకు పెట్టే సంప్రదాయం ఒకటి ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది. మన ఇంటిపేర్ల వంటిదే. ఇల్లు ఎక్కడికి మారినా పేరు మాత్రం మొదటి ఊరిదే.

2017లో నేను ఉద్యోగవిరమణ చేశాను. మరుసటి వేసవిలో అతడు, "మాస్టారూ, మీరు మాకు హిమాలయం చూపించారు. ఇప్పుడు నేను మీకు చూపిస్తాను, రండి" అన్నాడు. పెద్దనగారి ప్రవరుణ్ణి హిమాలయానికి పంపిన పాఠం అతనికి గుర్తున్నది. ప్రవరునికి పాదలేపనం ఉన్నది. నాకు కారూ, మధుమేహం మాత్రలూ ఉన్నాయి. సిమ్లానుండి కిన్నౌరు మీదుగా, మెల్లగా, దారిలో ఒక్కొక్క రాత్రి ఆగుతూ కాజా చేరుకున్నాము. ఎత్తుకు శరీరం అలవాటు పడేదాకా నన్ను రెండు రోజులు గది కదలనివ్వలేదు. మూడవ రోజున లంగ్జా అనే ఊరికి తీసుకుపోయాడు. అది దాదాపు 4,400 మీటర్ల ఎత్తున ఉన్నది. పది అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవలసిందే. చెట్టన్నది లేదు. ప్రబంధకవులు వర్ణించిన హిమాలయానికీ దీనికీ సంబంధమే లేదు. ఆకులూ పువ్వులూ లేని చోట కొండ తన లోపలిదంతా బయట పెట్టుకొని కూర్చున్నది.

అక్కడ అతడు నాకు పొరలు చదవడం నేర్పాడు. చదవడం అనే మాట అతనిదే. అన్నిటికన్న క్రింద నల్లని, పెళుసైన రాయి. చేతితో నలిపితే పలుచని పెచ్చులుగా విడిపోతుంది. దీనిని స్పితి షేల్ అంటారు. ఇది ముఖ్యంగా జురాసిక్ యుగం చివరిది. లోతైన, నిశ్చలమైన నీటి అడుగున సన్నని ఒండ్రు దిగి ఏర్పడినది. దీని మీద గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో గట్టి రాయి. అదే గియుమల్ ఇసుకరాయి. ఆ పైన తెల్లని, బూడిదరంగు సున్నపురాయి. దానికి పక్క ఊరి పేరు మీద చిక్కిం అని పేరు. నల్లని పొర గియుమల్‌గా ఒక్క గీతతో మారదు. నలుపు నడుమ ఇసుక పట్టీలు కొద్దికొద్దిగా మొదలై, ఎక్కువై, చివరికి ఇసుకే మిగులుతుంది. ప్రాకృతంనుండి దేశభాషలు ఏర్పడిన తీరులో ఇదీ అంతే. ఫలానా రోజున మారిందని చెప్పలేము.

నేను ఇసుకరాయిని చేతితో తడిమి చూశాను. గరుకుగా, మా గోదావరి గట్టు మీద ఆరిన ఇసుకను తాకినట్లే ఉన్నది. అతడు జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఇచ్చాడు. అందులోంచి చూస్తే రేణువులు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. వాటి మధ్య అక్కడక్కడ ముదురు ఆకుపచ్చ చుక్కలు.

"అవి గ్లాకొనైట్ మాస్టారూ. ఇనుమూ పొటాషియమూ ఉన్న ఖనిజం. సముద్రపు అడుగుననే పుడుతుంది. అది కూడా ఇసుక వచ్చిపడటం బాగా మందగించినప్పుడు, నెమ్మదిగా. ఆ పచ్చచుక్కలే సముద్రం వేసిన వ్రాలు."

వ్రాలు అన్న మాట విని నాకు సంతోషం కలిగింది. సంతకం అనకుండా వ్రాలు అన్నాడు. ముప్పై యేళ్ళ క్రితం తరగతిలో చెప్పిన మాట, 4,400 మీటర్ల ఎత్తున నాకు తిరిగివచ్చింది.

సంస్కృతంలో సికత అంటే ఇసుక. సైకతం అంటే ఇసుకతిన్నె, ఇసుక గల ఒడ్డు. మన ప్రబంధకవులు సైకతాన్ని దేనికి ఉపమానంగా వాడారో పెద్ద తరగతుల పిల్లలకు వివరించేటప్పుడు పడే అవస్థ తెలుగు పండితులకే ఎరుక. ఆ రోజున మాత్రం నాకు అసలు అర్థమే కనిపించింది. హిమాలయంలో నేను నిలబడినది ఒక ఒడ్డు మీద. అయితే ఎవరి ఒడ్డు?

ఆ ప్రశ్నే అతణ్ణి అడిగాను. "ఇంత ఇసుక ఎక్కడినుండి వచ్చింది నాయనా?" అతడు దక్షిణం వైపు చేయి చూపాడు. "మననుండే."

అతడు చెప్పినది నా మాటలలో చెబుతాను. ఆ కాలాన హిమాలయం లేదు. గంగ లేదు, సింధు లేదు. మన భూఖండం దక్షిణార్ధగోళంలో ఉన్నది. దాని ఉత్తరపు అంచున టెథిస్ అనే మహాసముద్రం. ఖండం మీద ఉన్న కొండలు అరిగి, ఆనాటి నదులలో కొట్టుకువచ్చిన ఇసుక ఆ ఉత్తరసముద్రపు అంచులో పేరుకున్నది. కొన్ని పొరలలో అగ్నిపర్వతశిలల తునకలు కూడా కనిపిస్తాయి. ఖండాలు చీలుతున్న కాలంలో ఉబికిన లావా అరిగి వచ్చినవి అవి అని పరిశోధకుల అభిప్రాయం. తరువాత మన ఖండం ఉత్తరంగా కదలి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొన్నది. మధ్యనున్న సముద్రం మూసుకుపోయింది. దాని అడుగున పడి ఉన్న మన ఇసుక, రాయి అయి, మడతలు పడి, హిమవంతుని భుజాల మీదికి ఎక్కింది.

"అయితే ఇందులో మా గోదావరి మెట్ట ఇసుక కూడా ఉన్నదంటావా?" అని ఆశగా అడిగాను.

"అంత మాట అనలేను మాస్టారూ. మన ఖండపు ఇసుక, అంతవరకే చెప్పగలను. మన మెట్టలో ఉన్నది ఆగ్నేయపు ఒడ్డు. ఇది ఉత్తరపు ఒడ్డు. ఒకే ఇంటికి రెండు వాకిళ్ళు అనుకోండి."

అతడు అబద్ధం చెప్పి నన్ను సంతోషపెట్టలేదు. ఆ సంగతి నాకు మిక్కిలి నచ్చింది.

ఈ పొరలకు ఈ పేర్లు పెట్టినవాడు ఫెర్డినాండ్ స్టొలిచ్కా అనే యువకుడు. 1838లో మొరేవియాలో పుట్టాడు. ఈనాటి చెక్ దేశపు ప్రాంతమది. వియన్నాలో చదువుకొని, 1862లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో చేరాడు. తమిళదేశంలోని క్రెటేషియస్ శిలాజాల మీద నాలుగు సంపుటాల గ్రంథం వ్రాసినవాడు కూడా ఇతడే. 1864లో స్పితికి వచ్చాడు. 1866లో ప్రచురితమైన తన నివేదికలో గియుమల్ ఇసుకరాయినీ, చిక్కిం సున్నపురాయినీ వర్ణించాడు. 1874లో యార్కండ్ దౌత్యబృందంతో వెళ్ళి తిరిగి వస్తూ, కారకోరం కనుమ దాటిన తరువాత ముర్గో అనే చోట, ఎత్తువల్ల వచ్చిన అనారోగ్యంతో జూన్ 19న కన్నుమూశాడు. అప్పటికి 36 యేళ్ళు. లేహ్‌లో అతని సమాధి, స్మారకచిహ్నం ఉన్నాయి.

వియన్నాలో అతనికి చదువు చెప్పిన ఆచార్యులలో ఎడ్వర్డ్ స్యూస్ ఒకరు. శిష్యుడికంటె ఏడేళ్ళే పెద్ద. ఆ మూసుకుపోయిన సముద్రానికి, గ్రీకు పురాణాలలోని సాగరదేవుని భార్య పేరు తీసుకొని, టెథిస్ అని నామకరణం చేసినది ఆ స్యూస్‌గారే. అది 1893లో. అంటే శిష్యుడు ఆ సముద్రపు ఇసుకకు పేరు పెట్టి వెళ్ళిపోయాడు. పందొమ్మిది యేళ్ళ తరువాత గురువు ఆ సముద్రానికి పేరు పెట్టాడు. ఈ విషయం కాజాలో రాత్రి దీపం ముందు అతడు చెబుతుంటే, విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ముచ్చటగా విన్నాను. ఇప్పుడు అలా వినలేను.

లంగ్జాలో చిన్నపిల్లలు శిలాజాలు పట్టుకొని మా వెంట పడ్డారు. నల్లని గుండ్రాతిని పగులగొడితే లోపల చక్రం వలె చుట్టుకొన్న శంఖపు ముద్ర. ఇసుకరాతి క్రింద ఉన్న నల్లని పొరలోనివి ఇవి. అమ్మొనైట్ అనే సముద్రజీవి ముద్రలు. నేపాల్‌లో గండకీనది ఇచ్చే సాలగ్రామాలు కూడా ఈ జాతివే. మా ఇంట పూజలో నా తండ్రిగారు ఇచ్చిన సాలగ్రామం ఉన్నది. దానికి నేటికీ అభిషేకం చేస్తాను. ఆ చక్రం ఒక ప్రాణి ఇల్లు అని తెలిసిన తరువాత నా చేయి వణకలేదు. ఇన్ని కోట్ల యేళ్ళు తన రూపం చెడకుండా నిలుపుకొన్నదానికి నమస్కరించడంలో నాకు ఏ విరోధమూ కనిపించదు.

కాని ఆ పిల్లల దగ్గర కొనడానికి శిష్యుడు ఒప్పుకోలేదు. వాళ్ళకు బిస్కట్లు కొనిపెట్టి, రాళ్ళు మాత్రం వద్దన్నాడు. "పొరలోనుంచి తీసిన శిలాజం, పుటసంఖ్య లేకుండా చింపిన తాళపత్రం వంటిది మాస్టారూ. ఏ గ్రంథమో, ఏ ఆశ్వాసమో ఇక తెలియదు." తాళపత్రాలతో పరిచయమున్నవాడిని కనుక ఆ బాధ నాకు వెంటనే తెలిసింది. గియుమల్ ఇసుకరాయిని ఎవరూ అమ్మరు, కొనరు. అందులో చూడముచ్చటైనవి తక్కువ. నలుపు ఎక్కడ ముగిసిందో, సున్నపురాయి ఎక్కడ మొదలైందో చెప్పే నడిమి పుట అది. అందమైన పద్యాలు ఏరుకునేవారు నడిమి వచనాన్ని విడిచిపెడతారు. కథ నడిచేది మాత్రం వచనంలోనే.

దిగి వస్తుంటే అతడు స్పితినదిని చూపించాడు. నీరు బూడిదరంగులో ఉన్నది. "అదే ఇసుక, మళ్ళీ బయలుదేరింది" అన్నాడు. స్పితి ఖాబ్ అనే చోట సట్లెజ్‌లో కలుస్తుంది. సట్లెజ్ చివరికి సింధులోనికి, సింధు అరేబియా సముద్రంలోనికి. కొంత భాక్రా ఆనకట్ట వెనుకనే ఆగిపోతుంది. ఒకప్పుడు దక్షిణంనుండి ఉత్తరసముద్రానికి పోయిన ఇసుక, ఇప్పుడు ఉత్తరంనుండి దక్షిణసముద్రానికి తిరిగిపోతున్నది. ఆ సముద్రపు అడుగున మళ్ళీ ఎప్పుడో రాయి అవుతుంది. దానికి పేరు పెట్టేవారు ఎవరో.

2021 మే నెలలో, రెండవ విడత కరోనాలో, అతడు పోయాడు. కొండ మీద కాదు, ఇంటి దగ్గరనే. 48 యేళ్ళు. నేను వెళ్ళి చివరి చూపు చూసుకునే రోజులు కావవి. ఫోనులో విన్నాను. ఆ రాత్రి నాకు స్యూస్‌గారు గుర్తుకు వచ్చారు. శిష్యుని మరణవార్త కొన్ని వారాల తరువాతనో, నెలల తరువాతనో వియన్నాకు చేరి ఉంటుంది. ఆయన ఏమి చేసి ఉంటారో ఊహించగలను. మరునాడు పాఠం చెప్పడానికి వెళ్ళి ఉంటారు. ఉపాధ్యాయులకు వేరే మార్గం లేదు. నాకు ఆ పాఠం కూడా లేదు, విరమణ చేసినవాడిని.

అతనికి ఒక్కతే కూతురు. 2025లో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. మార్కులు బాగా వచ్చాయి. ఇంజనీరింగు వద్దు, విశాఖపట్నం వెళ్ళి భూవిజ్ఞానం చదువుతానని పట్టుబట్టింది. తల్లికి ఇష్టం లేదు. ఒకరోజు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

"మాస్టారూ, మీరైనా చెప్పండి. ఆయన యేడాదిలో ఆరు నెలలు కొండలు పట్టుకొని తిరిగారు. ఇంట్లో ఉన్నది ఎంతని? ఇప్పుడు ఇది కూడా పోతానంటుంది" అని ఆ తల్లి కన్నీరు పెట్టుకున్నది.

ఆమె మాటలో న్యాయమున్నది. అతడు కొండలకిచ్చిన రోజులు ఆమె ఇంటినుండి తీసినవే. ఇది చిన్న సంగతి అని నేను అనలేను. పిల్ల మాత్రం ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది. తండ్రి కొండలలో వ్రాసుకునే పుస్తకం. అంతా ఇంగ్లీషే. కాని ఒక పుటలో, 2018 వేసవి తేదీ క్రింద, స్పితి పొరల బొమ్మ గీసి, పక్కన తెలుగులో వ్రాశాడు. "మాస్టారి కోసం" అని శీర్షిక. చిక్కిం ఎదుట సున్నపురాయి. గియుమల్ ఎదుట పచ్చచుక్కల ఇసుకరాయి. గ్లాకొనైట్ ఎదుట సముద్రపు వ్రాలు. నల్లని షేల్ ఎదుట మాత్రం ఖాళీ. తెలుగుమాట దొరకలేదు కాబోలు.

"తాతగారూ, ఇది నేను పూర్తి చేయాలి" అన్నది ఆ పిల్ల.

నేను తల్లితో ఇంతే చెప్పాను. "అమ్మా, నీ భయం నిజం. దూరం తప్పదు. దానికి నేను పూచీ పడలేను. అయితే ఆయన నీకు దూరంగా ఉన్న ఆ ఆరు నెలలూ ఎక్కడ ఉన్నాడో, ఏమి చూశాడో నీకు చదివి చెప్పగలిగే మనిషి ఈ ఇంట్లో ఇదొక్కతే. అటువంటిదాన్ని చదవకుండా ఆపితే ఆ పుస్తకం మనకు మూతపడిపోతుంది." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత పుటను దగ్గరకు తీసుకొని, భర్త చేతివ్రాతను వ్రేలితో తడిమి, "ఈ గియుమల్ అంటే ఏమిటి?" అని కూతురిని అడిగింది. పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. నేను లేచి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.

ఆ పిల్ల ఇప్పుడు విశాఖపట్నంలో చదువుతున్నది. ప్రతి రాత్రీ తల్లికి ఫోను చేయాలన్నది షరతు. ఆదివారాలలో నాకు కూడా చేస్తుంది.

చదువరులకు ఒక విన్నపం. పలుచని పెచ్చులుగా విడిపోయే ఆ నల్లని మెత్తని రాయికి, మీ ప్రాంతంలో బావులు తవ్వేవారో, రాళ్ళు కొట్టేవారో, పొలం దున్నేవారో వాడే తెలుగుమాట ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి. నిఘంటువులలోనిది కాదు, నోటిలో నలిగినది కావాలి. ఆ పుటలో ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉన్నది.